బండి రాష్ట్రం మారితే మూడు లెక్కలు

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలో సాయంత్రం పూట పది నిమిషాలు నిలబడితే చాలు, మన జనం ఎక్కడెక్కడ బతుకుతున్నారో బండ్ల నంబర్లే చెప్పేస్తాయి. పాత జిల్లా నంబరు ఏపీ 30 బండ్లు, విజయనగరం నుంచి వచ్చిన ఏపీ 35లు, 2019లో రాష్ట్రమంతటికీ ఒకటిగా తెచ్చిన ఏపీ 39, బరంపురం వైపు ఓడీ 07, పర్లాకిమిడి ఓడీ 20, హైదరాబాద్ టీఎస్‌లు, 2024 మార్చి తర్వాత వచ్చిన టీజీలు, బెంగళూరు కేఏలు. సంక్రాంతికైతే ఇక చెప్పక్కర్లేదు.

వీటిలో పండక్కి వచ్చి వెళ్లిపోయేవి కొన్ని. ఉద్యోగం మారో, రిటైరయ్యో, ఆర్మీ నుంచి వచ్చేసో యజమానితోపాటు ఇక్కడే ఉండిపోయేవి కొన్ని. ఈ రెండో రకం బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ అవే ప్రశ్నలు. నంబరు మార్చాలా? ఎప్పటిలోగా? మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలా? ఇన్సూరెన్స్ ఇక్కడ చెల్లుతుందా? అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. ఏడాది వరకు ఏమీ కాదని ఒకాయన, నెలలోపు తేల్చకపోతే తిప్పలేనని ఇంకొకాయన. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కాకపోతే ఇద్దరూ వేర్వేరు విషయాల గురించి మాట్లాడుతున్నారు.

మా బావ బెంగళూరులో పదకొండేళ్లు ఉద్యోగం చేసి 2022లో ఊరికి వచ్చేశాడు. కేఏ నంబరు కారు. ఒకరోజు కంగారుగా ఫోన్ చేస్తే, “ఏటి బావా, ఏడాది టైముంది కదా, టెన్షన్ దేనికి?” అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ ఏడాది దేనికి వర్తిస్తుందో, దేనికి వర్తించదో నాకే అప్పటికి సరిగా తెలియదు. ఆ కారు పేపర్లు పూర్తయ్యేసరికి ఏడు నెలలు పట్టింది, ఆయన రెండుసార్లు బెంగళూరు వెళ్లి రావాల్సి వచ్చింది. ఆ తిరుగుడులో నేర్చుకున్నదీ, ఆ తర్వాత చట్టం తీసి చదువుకున్నదీ కలిపి రాస్తున్నాను.

ముడి ఎక్కడ పడింది

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలో 35వ అంశం. అందుకే రిజిస్ట్రేషన్‌కు దేశమంతటికీ ఒకే చట్టం, 1988 నాటి మోటారు వాహనాల చట్టం. కానీ వాహనాల మీద పన్ను రాష్ట్ర జాబితాలో 57వ అంశం. అంటే నంబరు సంగతి కేంద్ర చట్టం చెబుతుంది, పన్ను సంగతి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చెబుతుంది. ఇక ఇన్సూరెన్స్ ఈ రెండింటికీ బయటిది. అది మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందం. దాంట్లో థర్డ్ పార్టీ భాగం, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చేది మాత్రం చట్టం తప్పనిసరి చేసింది.

మూడింటికీ మూడు గడువులు, మూడు చోట్లు. ఒకదాని గడువు ఇంకోదానికి వర్తిస్తుందనుకోవడమే అందరం చేసే పొరపాటు.

ముందు నంబరు. ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుందని 46వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి పక్క రాష్ట్రం నంబరుతో తిరగడం తప్పు కాదు. బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అప్పుడు కొత్త నంబరుకు దరఖాస్తు పెట్టుకోవాలన్నది 47వ సెక్షన్. అందరూ చెప్పే ఏడాది ఇదే. అయితే దాని పక్కనే 49వ సెక్షన్ ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. సి బుక్‌లో ఉన్న అడ్రసులో మీరు ఉండడం మానేస్తే 30 రోజుల్లోపు కొత్త అడ్రసు రవాణా శాఖకు తెలియజేయాలి. నెల అని చెప్పే ఆయన మాట ఇక్కడిది. నంబరుకు ఏడాది, అడ్రసుకు నెల.

47వ సెక్షన్‌లో అసలు మాట ‘ఉంచితే’ అన్నది. బండి ఎన్నిసార్లు రాష్ట్రం దాటిందన్నది లెక్క కాదు, రాత్రిళ్లు ఎక్కడ నిలబడుతోందన్నదే లెక్క. మన సరిహద్దు ఊళ్లకు ఇది బాగా ముఖ్యం. ఇచ్ఛాపురంలో ఇల్లు, బరంపురంలో ఉద్యోగం అయితే ఏపీ నంబరు బండి రోజూ వెళ్లొచ్చినా ఇబ్బంది లేదు. అది ఉండేది ఇచ్ఛాపురంలోనే. పాతపట్నంలో ఇల్లు, పర్లాకిమిడిలో కొట్టు ఉన్నవాళ్ల సంగతి కాస్త ఆలోచించాలి. నివాసం ఉన్నచోటైనా వ్యాపారం ఉన్నచోటైనా, బండిని మామూలుగా ఎక్కడ ఉంచుతారో ఆ రాష్ట్రంలోని కార్యాలయంలో రిజిస్టర్ చేయించాలని 40వ సెక్షన్ ఉద్దేశం. కొట్టు నిజంగా అక్కడ ఉండి, బండి కూడా అక్కడే ఉంటే ఒడిశా నంబరు సబబే.

కానీ అక్కడ కొట్టూ లేదు, ఇల్లూ లేదు. పన్ను తక్కువని చుట్టాల అడ్రసు పెట్టి బండి కొనేసి, మర్నాటి నుంచి సాలూరులోనో పార్వతీపురంలోనో తిప్పుకోవడం మంచి పని కాదు. తప్పుడు వివరాలతో చేయించిన రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసే అధికారం 55వ సెక్షన్ ఇస్తోంది. రద్దయితే మిగతాదంతా దాని వెంటే పోతుంది. పన్నులో మిగిలిన డబ్బు కోసం బండి మొత్తాన్ని పణంగా పెట్టకండని ఇలా చేయబోయే ప్రతివాళ్లకూ చెబుతున్నాను.

ఇంకో చిన్న పని. బండి ఎప్పుడు వచ్చిందో రుజువు దాచుకోండి. దారిలో ఆపి అడిగినప్పుడు ‘మొన్ననే వచ్చింది సార్’ అంటే సరిపోదు. నాతవలస, మడపాం టోల్‌గేట్లు దాటిన తేదీలన్నీ ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో ఉంటాయి. సామాను లారీ బిల్లు పనికొస్తుంది. రైల్లో పంపిన మోటార్‌సైకిల్‌కు పార్సిల్ రసీదు ఉంటుంది. ఆమదాలవలసలో దిగే బండ్లు చూస్తూ ఉంటాను. ట్యాంకులో పెట్రోలు తీసేసి, గోనెసంచులు చుట్టి, అట్టముక్క మీద పేరు రాసి ఉంటుంది. బండి ఇంటికి చేరాక సంచులతోపాటు రసీదు కూడా పారేస్తారు. దాన్ని సి బుక్‌తో కలిపి పెట్టుకోవాలి, బండి ఈ రాష్ట్రంలో అడుగుపెట్టిన తేదీకి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

ఎన్‌వోసీ బయల్దేరే ముందే

ఎన్నో బండ్లు ఆగిపోయేది ఇక్కడే, మా బావది కూడా. కొత్త రాష్ట్రం నంబరు ఇవ్వాలంటే పాత రాష్ట్రం అభ్యంతరం లేదని కాగితం ఇవ్వాలి, ఎన్‌వోసీ అంటే అదే. చట్టంలో అది 48వ సెక్షన్, కాగితాల భాషలో ఫారం 28. బండి మీద దొంగతనం కేసు లేదని, పన్ను బాకీ లేదని చూసుకున్నాకే అది ఇస్తారు. కట్టని చలానాలు ఉంటే దరఖాస్తు ముందుకు కదలదు. అందుకే ఊరు విడిచే ముందే ఆన్‌లైన్‌లో బండి నంబరు కొట్టి, ఎప్పుడో సిగ్నల్ దాటినందుకు పడ్డ చలానాతో సహా అన్నీ కట్టేయాలి.

తర్వాతది ఫైనాన్స్. లోన్ మీద కొన్న బండికి సి బుక్‌లో ఫైనాన్స్ కంపెనీ పేరు ఎక్కించి ఉంటుంది. లోన్ నడుస్తుంటే బండి రాష్ట్రం మారడానికి వాళ్ల అంగీకారం కావాలి. లోన్ తీరిపోయినా ఆ పేరు దానంతటది పోదు, ఫారం 35 మీద వాళ్లూ మనమూ సంతకాలు పెట్టి కొట్టేయించుకోవాలి. మా బావ కారు లోన్ ఊరికి రావడానికి ఏడాది ముందే తీరింది. ఫైనాన్స్ సంస్థ బాకీ లేదన్న ఉత్తరం ఇచ్చింది, ఈయన ఫైల్లో పెట్టుకుని అంతా అయిపోయిందనుకున్నాడు. ఇక్కడికొచ్చి ఎన్‌వోసీకి పెడితే లోన్ ఇంకా ఉన్నట్టే చూపించింది. ఆ సంస్థ బ్రాంచి చుట్టూ తిరిగి ఫారం 35 తెచ్చుకునేసరికి ఆరు వారాలు గడిచాయి. చివరి వాయిదా కట్టిన వారంలోనే ఈ పని చేసుంటే ఒక్కరోజు పని.

రెండో దెబ్బ ఇంకోటి. ఎన్‌వోసీ ఏ రాష్ట్రానికని ఊరికే ఇవ్వరు, ఏ కార్యాలయానికి వెళ్తోందో దాని పేరు రాసి ఇస్తారు. బెంగళూరులో దరఖాస్తు నింపిన బ్రోకరుకు శ్రీకాకుళం తెలియదు. ఆంధ్రా అంటే విశాఖపట్నం అనుకుని అదే పెట్టేశాడు. కాగితం చేతికొచ్చాక గానీ మేం చూసుకోలేదు. దాన్ని రద్దు చేయించి మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చింది, రెండో ప్రయాణం అందుకే. శ్రీకాకుళమో విజయనగరమో మీ చేత్తో మీరే ఎంచుకుని, సబ్మిట్ కొట్టే ముందు ఇంకోసారి చదవండి.

ఎన్‌వోసీ ఇవ్వడానికి అధికారికి 30 రోజుల గడువుంది. ఆ లోపు ఇవ్వాలి, లేదా కాదని రాతపూర్వకంగా చెప్పాలి. ఏదీ చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క అని 48వ సెక్షన్‌లోనే ఉంది. ఎన్‌వోసీ ఇంకా రాకపోతే దరఖాస్తు రసీదు, ఒక డిక్లరేషన్ కలిపి కొత్తచోట దరఖాస్తు పెట్టుకోవడానికి 47వ సెక్షన్ దారి ఇచ్చింది. కాబట్టి పాత ఊళ్లో పెట్టిన దరఖాస్తు రసీదును ఒరిజినల్ సి బుక్ అంత జాగ్రత్తగా చూసుకోవాలి.

కాగితం వచ్చాక ఇక్కడ పెట్టాల్సింది ఫారం 27. సి బుక్, ఎన్‌వోసీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇక్కడి అడ్రసు రుజువు, బండి కొన్నప్పటి ఇన్వాయిస్, వీటితోపాటు ఛాసిస్ ప్రింట్. ఆ ప్రింట్ తీయడం నాకు ఆ రోజే తెలిసింది. ఆఫీసు ఆవరణలో ఒక పెద్దాయన కారు బానెట్ ఎత్తించి, ఛాసిస్ నంబరు కొట్టి ఉన్నచోట గుడ్డతో జిడ్డు తుడిచాడు. మెత్తటి పెన్సిల్‌తో దాని మీద అడ్డంగా రుద్దాడు. నల్లబడ్డాక సెలో టేపు అంటించి, గోరుతో ఒత్తి, నెమ్మదిగా లాగాడు. పదిహేడు అక్షరాలు, అంకెలు టేపు మీదకు వచ్చేశాయి. దాన్ని తీసి ఫారం మీద అతికించి, ‘చూసుకోండి బాబూ, బుక్కులో నంబరూ ఇదీ ఒకటేనా’ అన్నాడు. నంబరు ప్లేటు మారుతుంది, అడ్రసు మారుతుంది, యజమాని కూడా మారొచ్చు. బండి పుట్టుక నుంచి మారనిది ఆ గీతల నంబరే. తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కూడా బండి దగ్గరకు వచ్చి ముందు చూసేది దాన్నే.

కొత్త నంబరుకు కేంద్ర నిబంధనల్లో ఉన్న ఫీజు పెద్దదేం కాదు, మోటార్‌సైకిల్‌కు 300, సొంత కారుకు 600 రూపాయలు. సర్వీసు చార్జీలూ కార్డు ఖర్చూ వేరుగా ఉంటాయి. బరువంతా పన్నులోనే.

లైఫ్ టాక్స్ రెండోసారి ఎందుకు

‘ఒకసారి జీవితకాలానికి కట్టేశాం కదా’ అన్న మాటలో న్యాయం ఉంది. కానీ ఆ జీవితకాలం ఆ రాష్ట్రంలో తిరిగే కాలం. కర్ణాటకకు కట్టిన పన్ను కర్ణాటక రోడ్లకు, ఆంధ్రా ఖజానాకు అందులో రూపాయి రాదు. కాబట్టి బండి ఇక్కడ స్థిరపడితే ఇక్కడ మళ్లీ కట్టాలి. మొదటి ధరను, బండి వయసును చూసి లెక్క వేస్తారు. ఏళ్లు గడిచిన కొద్దీ శాతం తగ్గుతుంది. ఇన్వాయిస్ అడిగేది అందుకే. అది పోగొట్టుకుంటే ఆ ధర రుజువు కోసం షోరూం చుట్టూ తిరగాలి.

ఇక్కడే 12 నెలల మాట జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆ ఏడాది నంబరుకు ఇచ్చిన గడువు. పన్ను గడువు ఆ రాష్ట్రపు పన్నుల చట్టం చెబుతుంది, రెండూ ఒకటే కానక్కర్లేదు. మనవాళ్లు బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ వెళ్లినా, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చినా అడగాల్సిన ప్రశ్నలు రెండు: నంబరు ఎప్పటిలోగా, పన్ను ఎప్పటి నుంచి. ఒకదానికి వచ్చిన జవాబుతో ఊరుకోకూడదు.

పాత బండి అయితే ఒక లెక్క వేసుకున్నాకే తేవాలి. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి ఆ రెన్యువల్ ఫీజును కార్లకు 600 నుంచి 5,000కి, మోటార్‌సైకిళ్లకు 300 నుంచి 1,000కి పెంచారు. పదమూడేళ్ల స్కూటర్‌ను రైల్లో వేసి, ఎన్‌వోసీ తెచ్చి, పన్ను కట్టి, రెండేళ్లకే మళ్లీ రెన్యువల్‌కు నిలబడేకంటే అక్కడే అమ్మేసి ఇక్కడ కొనుక్కోవడం చాలామందికి చవక. బండి మీద మమకారం ఉంటే ఆ మాట వేరు, దానికి లెక్కలు చెప్పలేను.

ప్లేటు సంగతి తేలికే. 2019 ఏప్రిల్ 1 నుంచి అమ్మే ప్రతి కొత్త బండికీ హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. అశోకచక్రం ఉన్న హోలోగ్రామ్, లేజర్‌తో చెక్కిన గుర్తింపు నంబరు, విప్పితే విరిగిపోయే లాకులు ఉంటాయి. నంబరు మారిందంటే పాత ప్లేటు తీసేయాలి, కొత్త నంబరుతో మళ్లీ అదే రకం ప్లేటు అధీకృత డీలరు దగ్గర బిగించుకోవాలి. కారుకు అద్దం మీద అంటించే స్టిక్కరు మీద కూడా నంబరు ఉంటుంది, దాన్నీ మార్చాలి. రోడ్డు పక్క స్టిక్కరింగ్ షాపులో రాయించుకుంటే సరిపోదు.

ఇన్సూరెన్స్

అందరూ నంబరు గురించి భయపడతారు. నేను భయపడేది దీని గురించి. నంబరు ఆలస్యమైతే జరిమానాతో పోతుంది. ఇన్సూరెన్స్ తేడా పడితే ఇల్లు గుల్లవుతుంది.

పాలసీ దేశమంతటా చెల్లుతుంది. రాష్ట్రం మారినందుకు రద్దు చేసి కొత్తది తీసుకోనక్కర్లేదు. థర్డ్ పార్టీ ప్రీమియం కూడా ఏ రాష్ట్రమైనా ఒకటే, దాన్ని కేంద్రం నిర్ణయిస్తుంది. 2022 జూన్ నాటి నోటిఫికేషన్ ప్రకారం 1000 నుంచి 1500 సీసీ కారుకు ఏడాదికి 3,416 రూపాయలు, శ్రీకాకుళంలోనైనా ముంబైలోనైనా. సొంత బండి దెబ్బతింటే ఇచ్చే భాగానికి మాత్రం జోన్లు ఉన్నాయి. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై వంటి ఎనిమిది నగరాలు ఎ జోన్, మన జిల్లాలు బి జోన్. కొత్త నంబరు, కొత్త అడ్రసు రాగానే కంపెనీకి రాసి పాలసీ మీద మార్పు చేయించుకోవాలి, దీన్ని ఎండార్స్‌మెంట్ అంటారు. మా బావ పాలసీ మధ్యలో రెన్యువల్‌కు వచ్చింది. పాత నంబరు, బెంగళూరు అడ్రసుతో ఫోన్‌లో రెండు నిమిషాల్లో కట్టేశాడు. నంబరు మారిన తర్వాత మూడు నెలలు అలాగే తిరిగాడు. ఆ మూడు నెలల్లో ఏమీ కాలేదు గనక సరిపోయింది. ఏదైనా జరిగి ఉంటే కారు ఒక నంబరుతో, పాలసీ ఇంకో నంబరుతో ఉండేవి. ఛాసిస్ నంబరు చూపించి ఒప్పించగలం గానీ, ఆసుపత్రిలో మనిషిని పెట్టుకుని ఆ ఒప్పించడం ఎవరు చేస్తారు?

ఇదంతా ఒకే యజమాని రాష్ట్రం మారినప్పటి మాట. బండి చేతులు మారుతూ రాష్ట్రం కూడా మారితే ప్రమాదం రెట్టింపవుతుంది. మనవైపు హైదరాబాద్ నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ కార్లు ఎక్కువ. ఢిల్లీ నుంచి కూడా వస్తాయి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద 2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టాక పాత కార్లు చవగ్గా బయటి రాష్ట్రాలకు వస్తున్నాయి. ఆర్మీలో ఉన్న మన పిల్లలు సెలవుకు వస్తూ తెచ్చుకుంటారు. డబ్బు ఇచ్చేశారు, తాళాలు తీసుకున్నారు, పేరు మార్పుకు పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలు చేయించుకున్నారు. ఆ కాగితాలు బీరువాలో ఉంటాయి. బండి తిరుగుతూ ఉంటుంది.

ఇక్కడ రెండు గడువులున్నాయి. పేరు మార్పు కోసం కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. వేరే రాష్ట్రం బండి అయితే అమ్మినవాళ్లు 45 రోజుల్లో ఎన్‌వోసీ గానీ దాని దరఖాస్తు రసీదు గానీ పంపాలి. ఇన్సూరెన్స్‌కు మాత్రం 14 రోజులే. థర్డ్ పార్టీ భాగం కొన్నవారి పేరుకు మారినట్టే చట్టం భావిస్తుంది, అది 157వ సెక్షన్. అయినా 14 రోజుల్లో కంపెనీకి చెప్పాలి. సొంత బండి నష్టానికి ఆ సౌకర్యం వర్తించదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అంటే మీరు కొన్న కారు మీ చేతిలో గుద్దుకుంటే, పాలసీ ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంటే, మీకు డబ్బు రాదు. ఆయనకు బండి లేదు, మీకు పాలసీ లేదు. యజమానే నడుపుతూ ప్రమాదంలో పోతే వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా సి బుక్‌లోనూ పాలసీలోనూ పేరున్న యజమానికే.

అమ్మినవాళ్లు హాయిగా ఉండొచ్చా అంటే అదీ లేదు. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చిన విషయం ఇదే. కారు ఒకరి నుంచి ఒకరికి వరసగా చేతులు మారింది, రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి ఆయన పేరు మీదే ఉండిపోయింది. ప్రమాదం జరిగాక పరిహారం బాధ్యత రికార్డులో యజమానిగా ఉన్న ఆయనదే అన్నారు. ఎప్పుడో అమ్మేసిన బండికి ఏళ్ల తర్వాత కోర్టు నోటీసు వస్తే ఆ ఇల్లు ఎలా ఉంటుందో ఆలోచించండి. బండి ఇచ్చేటప్పుడు కొన్నవాళ్లను మొహమాటపడకుండా వెంట తీసుకెళ్లి ఎన్‌వోసీకి, పేరు మార్పుకు దరఖాస్తు పెట్టించండి.

పక్క రాష్ట్రంలో కొత్త బండి కొని టెంపరరీ నంబరు మీద ఇంటికి తెచ్చేవాళ్లు ఇంకో తీర్పు గుర్తుపెట్టుకోవాలి. 2021 సెప్టెంబరులో వచ్చింది. రాజస్థాన్‌కు చెందిన ఒకాయన కొత్త బొలెరోకు పంజాబ్‌లో పాలసీ తీసుకున్నాడు. టెంపరరీ రిజిస్ట్రేషన్ గడువు ముగిసిన తొమ్మిది రోజులకు, ఊరు వెళ్లినచోట రాత్రి బండి పోయింది. పాలసీ ఉంది, ప్రీమియం కట్టాడు. అయినా చెల్లే రిజిస్ట్రేషన్ లేకుండా బండి రోడ్డెక్కింది గనక కంపెనీ చెల్లించనక్కర్లేదని సుప్రీంకోర్టు అంది. బరంపురంలో కొన్నా విశాఖలో కొన్నా, టెంపరరీ నంబరు గడువు లోపే పర్మనెంట్ నంబరు వేయించుకోవాలి. మంచి ముహూర్తం కోసం, ఫ్యాన్సీ నంబరు కోసం ఆ తేదీ దాటనివ్వకండి.

ఇన్సూరెన్స్‌లో మనకు రావాల్సింది కూడా ఒకటుంది, నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేకుండా గడిపిన ఏళ్లను బట్టి సొంత నష్టం ప్రీమియంలో 20 శాతంతో మొదలై 50 శాతం దాకా తగ్గుతుంది. అది బండిది కాదు, మనిషిది. అక్కడ బండి అమ్మేసి వస్తుంటే కంపెనీ నుంచి ఆ బోనస్ ఉత్తరం తీసుకుంటే మూడేళ్లలోపు ఇక్కడ కొనే బండికి వాడుకోవచ్చు. అదే కారణంగా, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకు పాత యజమాని బోనస్ రాదు, ఆ తేడా కట్టాల్సిందే.

బదిలీల ఉద్యోగం ఉన్నవాళ్లకు ఈ తిరుగుడంతా తప్పించే దారి బీహెచ్ సిరీస్. 2021 సెప్టెంబరు 15 నుంచి అమల్లోకి వచ్చింది. సైన్యం, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులకు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు సొంత బండి మీద ఇస్తారు. రాష్ట్రం మారినా నంబరు మారదు. పన్ను రెండేళ్లకోసారి కట్టుకుంటూ పోవాలి. మొదట ప్రకటించిన రేట్లు 10 లక్షల లోపు బండికి 8 శాతం, 20 లక్షల వరకు 10, ఆపైన 12. డీజిల్‌కు 2 ఎక్కువ, ఎలక్ట్రిక్‌కు 2 తక్కువ. 2022 డిసెంబరులో నిబంధనలు మార్చి, మామూలు నంబరున్న బండిని కూడా బీహెచ్‌కు మార్చుకునే వీలు ఇచ్చారు. నాకైతే ఇది మన ఆర్మీ కుటుంబాలకోసమే పుట్టినట్టు అనిపిస్తుంది. జమ్మూ, అస్సాం, సికింద్రాబాద్ అని ప్రతి మూడేళ్లకూ మూట సర్దుకునేవాళ్లకు ఎన్‌వోసీ ఒక పెద్ద శిక్ష. ఉద్యోగం అర్హతకు సరిపోతుందో, ఉన్న రాష్ట్రం ఇస్తోందో షోరూంలో డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి.

డ్రైవింగ్ లైసెన్స్ దేశమంతటా చెల్లుతుంది, దాని గురించి కంగారు లేదు. ఫాస్టాగ్ మాత్రం బండి నంబరుతో ముడిపడి ఉంటుంది, కొత్త నంబరు రాగానే ఇచ్చిన బ్యాంకుకు చెప్పి మార్పించాలి. సి బుక్, ఇన్సూరెన్స్ ఫోన్‌లో డిజిలాకర్ యాప్‌లోనో ఎంపరివాహన్ యాప్‌లోనో చూపిస్తే 2018 నుంచి చెల్లుతున్నాయి. కొత్త నంబరు వచ్చాక పాత కార్డు తీసేసి కొత్తది అందులోకి తెచ్చుకోండి. టాక్సీలు, గూడ్స్ బండ్లకు పర్మిట్, ఫిట్‌నెస్, పన్ను విడివిడిగా ఉంటాయి. వాటి కథ ఇక్కడ చెప్పేది కాదు.

ఇక మిగిలింది మనలో ఎక్కువమంది వదిలేసుకునే డబ్బు. ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్లీ కట్టారు కదా, పాత రాష్ట్రంలో వాడుకోని ఏళ్ల పన్ను తిరిగి అడిగే హక్కుంది. దానికి బండి వయసును బట్టి పట్టిక ఉంటుంది. అది దానంతటది రాదు, నంబరు మారినట్టు చూపించి మనమే దరఖాస్తు పెట్టాలి. గడువు కూడా ఉంటుంది కాబట్టి కొత్త సి బుక్ చేతికొచ్చిన వారమే పెట్టేయాలి. మా బావ కొత్త సి బుక్ కాపీ, ఎన్‌వోసీ కాపీ, ఇక్కడ పన్ను కట్టిన రసీదు, అక్కడ మొదట కట్టిన రసీదు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ కలిపి బెంగళూరుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. అక్కడి రసీదు ఏడేళ్ల కిందటిది, ఇన్వాయిస్ వెనక పిన్ను కొట్టి ఉంది. మా అక్క ఇల్లు మారినప్పుడల్లా ఆ ఫైలు పారేయకుండా అట్టపెట్టెలో పెట్టి తెచ్చింది గనక దొరికింది. నాలుగున్నర నెలలకు డబ్బు పడింది. ఇక్కడ కట్టినదానికి సమానం కాదు గానీ, రెండుసార్లు బెంగళూరు వెళ్లొచ్చిన ఖర్చు పోగా మిగిలింది.